పాత గోడ సందులు గీకించాలి: గ్రైండర్ దుమ్ముకి ఏం ఏర్పాటు చెయ్యాలి?

మారేడ్‌పల్లి మేడ అడిగిన ప్రశ్న:

వెస్ట్ మారేడ్‌పల్లిలో 1960ల నాటి ఇల్లు. కింద మూడడుగుల వరకు గ్రానైట్ రాతి కట్టుబడి, ఆ పైన ప్లాస్టరింగ్ లేని ఇటుక గోడ. ఇటుక భాగం సుమారు 60 చదరపు మీటర్లు, రాయి 20 ఉంటుంది. పాయింటింగ్ (ఇటుకల మధ్య సందుల్ని పైన పూడ్చే మాలు) చాలా చోట్ల రాలిపోయి వానాకాలం లోపలి గోడకి చెమ్మ కొడుతోంది. పాత మాలు గీకి తీసేసి కొత్త పాయింటింగ్ పెట్టించాలి. ఎత్తైన చోట 20 అడుగులు.

మేస్త్రీ చెప్పిన లెక్క ఇది: ఇద్దరు మనుషులు, రెండు 4 అంగుళాల గ్రైండర్లు, మూతికి తువ్వాలు, పై భాగానికి నిచ్చెన, వారం రోజులు. దుమ్ము లేవకుండా హెల్పర్ పక్కనుంచి మగ్గుతో నీళ్లు కొడుతూ ఉంటాడట.

తువ్వాలు చాలదని నాకూ తెలుసు. దాని బదులు ఏం పెట్టాలి? నీళ్లు కొట్టడం సరైన పద్ధతేనా? ఎన్95 మాస్క్ ఇస్తే సరిపోతుందా? పక్కింటివాళ్ల సంపు మా ప్రహరీకి ఆనుకునే ఉంది, అది ఇంకో తలనొప్పి.

---

నీలం హెల్మెట్:

ముందు ఆ మగ్గు పక్కన పెట్టించండి. మామూలు యాంగిల్ గ్రైండర్ నీటి పనికి తయారైంది కాదు. మోటారు చల్లబడటానికి వెనక ఉన్న రంధ్రాల్లోంచి గాలి లాక్కుంటుంది. గాలితో పాటు చెమ్మా లాక్కుంటుంది. తడి చేతులు, తడి పలకలు, 230 వోల్టులు. పోనీ దుమ్మైనా ఆగుతుందా అంటే అదీ లేదు. దుమ్ము పుట్టేది సందు లోపల, బ్లేడు అంచు దగ్గర. పైనుంచి పోసిన నీళ్లు అక్కడికి చేరేలోపే దుమ్ము బయటపడి ఉంటుంది. పైగా బురద కారి ఇటుక మీద తెల్లటి మరకలు పడతాయి, గీత కనపడక బ్లేడు ఇటుకలోకి దిగుతుంది.

ఎంత దుమ్మో లెక్క వేస్తే విషయం తేలుతుంది. సందు 10 మి.మీ. వెడల్పు, 20 మి.మీ. లోతు అనుకుందాం. మీటరు పొడవుకి 200 ఘన సెం.మీ., అంటే దాదాపు 400 గ్రాముల మాలు. మూడంగుళాల ఇటుక కట్టుబడిలో చదరపు మీటరుకి అడ్డం, నిలువు కలిపి 15 నుంచి 16 మీటర్ల సందు ఉంటుంది. కాబట్టి చదరపు మీటరుకి 6 కిలోలు; మీ 60 మీటర్లకి 360 కిలోలు. గ్రైండర్‌తో తీస్తే ఇందులో పెద్ద భాగం పొడిగానే వస్తుంది. మాలులో ఎక్కువ వంతు ఇసుక, ఇసుకలో ఎక్కువ వంతు స్ఫటిక సిలికా. దీన్ని అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే మొదటి వర్గం కేన్సర్ కారకాల్లో చేర్చింది.

అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 2016లో పెట్టిన పరిమితి 8 గంటల సగటున ఘనపు మీటరు గాలికి 50 మైక్రోగ్రాములు. మనిషి ఒక షిఫ్టులో పీల్చే గాలి సుమారు 10 ఘనపు మీటర్లు. అంటే రోజంతటికీ అర మిల్లీగ్రాము. అటు 360 కిలోలు, ఇటు అర మిల్లీగ్రాము. దుమ్ము పట్టే ఏర్పాటు లేని గ్రైండర్‌తో సందులు కోసేచోట ఈ పరిమితి పదుల రెట్లు దాటిపోతుంది. కంటికి కనపడి మీద పడేది ముతక రకం. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయే సన్నటి రకం కంటికి కనపడదు, గాలి లేనిచోట గంటల తరబడి తేలుతూనే ఉంటుంది.

సరైన ఏర్పాటు: బ్లేడును మూడువైపులా కప్పే డస్ట్ ష్రౌడ్, దానికి తగిలించిన పారిశ్రామిక వాక్యూమ్. ఓషా పట్టికలో ఈ పనికి విడిగా లెక్క ఉంది. బ్లేడు వ్యాసంలో ప్రతి అంగుళానికి కనీసం 25 సీఎఫ్‌ఎం (నిమిషానికి 25 ఘనపుటడుగులు) గాలి లాగాలి. 4 అంగుళాల బ్లేడుకి 100, 5 అంగుళాలకి 125. ఫిల్టర్ 99 శాతం పట్టాలి, ఫిల్టర్‌ని తనంతట దులుపుకునే ఏర్పాటో, ముందు సైక్లోన్ డబ్బానో (గాలిని సుడి తిప్పి పొడిని ఫిల్టర్ దాకా పోకముందే వేరుచేసేది) ఉండాలి. ఆ సైక్లోన్ డబ్బా సంగతి తేలిగ్గా తీసుకోకండి. పైన చెప్పిన లెక్కన నాలుగు చదరపు మీటర్లు కోసేసరికి 20 లీటర్ల డబ్బా నిండుతుంది. సైక్లోన్ లేకపోతే ఆ పొడి అంతా ఫిల్టర్ మీద అట్టలా కట్టేస్తుంది, లాగుడు తగ్గిపోతుంది. మెషిన్ మాత్రం శబ్దం చేస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ తెలియదు. ష్రౌడ్ అంచు నుంచి పొగలా కనపడిందంటే ఆపి ఫిల్టర్ దులపాల్సిందే. దులిపేది వాక్యూమ్ మూత తీసి నేలకేసి కొట్టి కాదు, మూత బిగించి ఉండగానే.

పట్టుకునే తీరు కూడా సగం పని చేస్తుంది. ష్రౌడ్ ముఖం గోడకి పూర్తిగా ఆనాలి. బ్లేడును ఒకేసారి కావలసిన లోతుకి దింపి, అది తిరిగే దిశకి ఎదురుగా నడపాలి. అప్పుడు పొడి ష్రౌడ్ గొట్టంలోకే ఎగురుతుంది, మెషిన్ కూడా చేతిలోంచి దూకదు. ముందుకీ వెనక్కీ రుద్దితే తిరుగు దెబ్బలో పొడి అంతా బయటికే. చివర్లో బ్లేడు తిరగడం ఆగేదాకా సందులోంచి బయటికి తీయకూడదు.

మాస్క్ ఇవన్నీ చేశాక వచ్చే మాట. ఎన్95 గానీ మన ఐఎస్ 9473 ప్రకారం వచ్చే ఎఫ్‌ఎఫ్‌పీ2 గానీ లోపలికి పోయే దుమ్మును పదోవంతుకి తగ్గిస్తుందని లెక్క. గాలిలో పదుల రెట్లు ఉంటే పదోవంతు ఏ మూలకి? ష్రౌడ్, వాక్యూమ్ ఉన్నా కూడా షిఫ్టులో 4 గంటల లోపు పనికే ఆ స్థాయి మాస్క్. 4 గంటలు దాటితే 25 రెట్లు కాపాడేది, అంటే మోటారుతో గాలి పంపే హుడ్ కావాలి. మనదగ్గర ఆ హుడ్ కొనేవాళ్లు అరుదు. అందుకే గ్రైండర్ పట్టే సమయాన్నే మనిషికి 4 గంటల లోపు ఉంచడం తెలివి.

---

తాపీ సంచి:

పైన సార్ చెప్పింది మంచిగుంది. కానీ అసలు గ్రైండర్ ఎంత అవసరమో ముందు చూడుండ్రి. 1960ల ఇల్లంటే లోపల డంగు సున్నం మాలు, పైన తర్వాత ఎవరో పెట్టిన సిమెంట్ పాయింటింగ్ అయ్యుండే ఛాన్స్ ఎక్కువ.

టెస్ట్ సులువే. పైపొర రాలిపోయిన చోట పాత మేకుతోని గీకి చూడు. వేలితో నలిపితే పొడి అయితే సున్నం. మేకు జారిపోయి గీత మాత్రమే పడితే సిమెంట్. నిమ్మకాయ పిండి నురగ వస్తే సున్నం అని కొందరు చెప్తరు, అది నమ్మొద్దు, పాత సిమెంట్ కూడా నురగ ఇస్తది.

సున్నం అయితే గ్రైండర్ ముట్టొద్దు. దాని అవసరమే లేదు. సన్న ఉలి, ఒక కిలో సుత్తి, రేకింగ్ కొక్కెం చాలు. ఉలి వెడల్పు సందు కన్నా తక్కువ ఉండాలె: 10 మి.మీ. సందుకి 6 మి.మీ. ఉలి. సమానంగా ఉన్న ఉలి దింపితే చీలలాగ ఇరుక్కుని ఇటుక అంచు ఎగిరిపోతది. లోతు సందు వెడల్పుకి రెండింతల నుంచి రెండున్నర ఇంతలు, అంటే 20 నుంచి 25 మి.మీ. లోపలి మూల నలుచదరంగా రావాలె, వీ ఆకారంలో వదిలితే కొత్త మాలు పట్టదు, రెండేండ్లల్ల మళ్లా ఊడతది.

చేతిపనికి నీళ్లు వాడొచ్చు. కరెంట్ లేదు గదా. మందు కొట్టే చేతిపంపుతోని ఉలి పెట్టే ముందు సన్నగ చల్లి, పది నిమిషాలు ఆగి కొట్టు. మాలు పెంకులు పెంకులుగ ఊడతది, పొడి తక్కువ. గోడ కారేటట్టు తడపొద్దు. దుమ్ము అసలే ఉండదని కాదు, మాస్క్ ఉండాల్సిందే. కానీ గ్రైండర్ దుమ్ముకి దీనికి పోలికే లేదు.

పైన సిమెంట్ గట్టిగ ఉంటే మాత్రం అడ్డం సందుల నడిమధ్యల ఒకే ఒక్క గీత గ్రైండర్‌తోని పెట్టు. ఆ గీత వల్ల ఒత్తిడి పోతది, అటు ఇటు మిగిలింది ఉలితోని లోపలికి కొడితే పడిపోతది. పైన ఒక గీత, కింద ఒక గీత పెట్టే మేస్త్రీలు ఉంటరు. రెండింతల దుమ్ము, ఇటుక అంచు కూడా ఖరాబ్. నిలువు సందులకి గ్రైండర్ వద్దే వద్దు. మూడంగుళాల ఎత్తుల నాలుగంగుళాల గుండ్రటి బ్లేడు దింపితే పై ఇటుక, కింది ఇటుక రెండూ కోసుకుపోతయి. అక్కడ ఉలి ఒక్కటే.

ఇట్ల చేస్తే గ్రైండర్ పని రోజుకి గంట, గంటన్నరకి వస్తది. మిగతాదంతా చేతిపనే.

గ్రానైట్ భాగం సంగతి వేరే. రాతి సందులు వెడల్పు, లోపల చిన్న చిప్పరాళ్లు కూరి ఉంటయి. అవి ఊడి కాళ్ల మీద పడతయి, పెద్ద రాయి కూడా కదలొచ్చు. ఒకేసారి మొత్తం గీకొద్దు. మీటరు మీటరున్నర ముక్క తీసి, అది నింపినాంక పక్క ముక్క వదిలి దాని అవతలిది పట్టాలె. బ్లేడు గ్రానైట్‌కి తగిలితే ఆ పొడి కూడా సిలికానే, ఇసుకకేం తక్కువ కాదు.

---

మారేడ్‌పల్లి మేడ:

మేకు టెస్ట్ చేశాను. పైన సుమారు 10 మి.మీ. గట్టి సిమెంట్, దాని వెనక వేలికి రాలే తెల్లటి మాలు. మీరు చెప్పినట్టే ఉంది.

రెండు సందేహాలు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్‌ని ష్రౌడ్‌కి తగిలించవచ్చా? ఇంకోటి, ఈ ఎండలో పొద్దంతా మాస్క్ ఉంచుకోరని మేస్త్రీ ఇప్పుడే చెప్పేశాడు.

---

నీలం హెల్మెట్:

ఇంటి వాక్యూమ్ వద్దండి. ఆ సంచి సన్నటి పొడిని ఆపదు, వెనక నుంచి గదంతా ఊదుతుంది. ఐదు నిమిషాల్లో సంచి రంధ్రాలు పూడి మోటారు వేడెక్కుతుంది. రాణిగంజ్ వైపు పారిశ్రామిక పనిముట్ల దుకాణాల్లో అడగండి: ష్రౌడ్, ఎం క్లాస్ (సన్నటి హానికరమైన దుమ్ముకి తయారైన రకం) వాక్యూమ్, ఒకటిన్నర నుంచి రెండంగుళాల గొట్టం. సన్నని గొట్టం తగిలిస్తే ఎంత పెద్ద వాక్యూమ్ అయినా 100 సీఎఫ్‌ఎం రాదు. గొట్టం మడత పడినా అంతే. ఒక సెట్ చాలు, ఎందుకంటే రెండో మనిషి ఉలి పని చేస్తాడు. ఇద్దరూ గంటకోసారి మారాలి. అది ఊపిరికే కాదు, చేతులకీ మంచిది. మెషిన్ కంపనం త్వరణం లెక్కలో సెకనుకి సెకనుకి 10 మీటర్లు (10 m/s²) ఉంటే, ఐరోపా పరిమితి ప్రకారం రోజుకి 2 గంటలే పట్టాలి. అరగంట దాటినప్పటి నుంచే జాగ్రత్త చర్యలు మొదలుపెట్టాలని వాళ్ల నియమం. వేళ్లు తిమ్మిరెక్కడం, చేతి పట్టు తప్పడం దాని గుర్తులు.

మాస్క్ సంగతికి పని వేళలే మందు. గ్రైండర్ పని పొద్దున 7 నుంచి 9 లోపు, నీడ పడే గోడ మీద. ఆ తర్వాత ఉలి. గాలి బయటికి పోయే వాల్వ్ ఉన్న రకం మాస్క్ కొంత చల్లగా ఉంటుంది. దానికన్నా, రబ్బరు హాఫ్ మాస్క్‌కి పీ3 (సన్నటి పొడిని బాగా పట్టే పై తరగతి) ఫిల్టర్లు బిగించి ఇస్తే వారం రోజులు వాడొచ్చు, రోజూ కొత్తవి కొనే పని లేదు.

---

కొత్త కాపురం:

మరీ ఇంత హంగామానా? వారం రోజుల పనికి ఎవరికీ ఏమీ కాదండి. ఊళ్లో అందరూ ఇలాగే చేయిస్తున్నారు.

---

ఛాతీ ఎక్స్‌రే:

వారం పని ఇంటి యజమానికి. గ్రైండర్ పట్టినతనికి వచ్చే వారం ఇంకో ఇల్లు, ఆ తర్వాత ఇంకోటి. సిలికోసిస్ (సిలికా దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బు) సాధారణంగా పదేళ్ల పైన బయటపడుతుంది, దుమ్ము బాగా ఎక్కువైతే ఐదు నుంచి పదేళ్లలోనే. విపరీతమైన దుమ్ములో కొన్ని వారాల నుంచి రెండు మూడేళ్లలోపే వచ్చే రకం కూడా ఉంది. గట్టిపడిన ఊపిరితిత్తిని మళ్లీ మెత్తపరిచే మందు లేదు. పని మానేసిన తర్వాత కూడా అది ముదురుతూనే పోవచ్చు.

ఇంకో చిక్కు. సిలికా పీల్చినవాళ్లకి క్షయ వచ్చే అవకాశం ఎక్కువ, రెండూ ఎక్స్‌రేలో ఒకదానికొకటి పోలి ఉంటాయి. దగ్గు, ఆయాసం అని వెళ్తే టీబీ మందులు మొదలెట్టి, తగ్గకపోతే మళ్లీ అవే మందులు రాస్తారు. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రికి గానీ, ఈఎస్ఐ కార్డు ఉంటే సనత్‌నగర్‌కి గానీ వెళ్లినప్పుడు ‘రాళ్ల పని, గ్రైండర్ పని, ఇన్నేళ్లు’ అని మొదటి మాటగా చెప్పాలి. అడిగితే చెబుదామని కూర్చుంటే కుదరదు. వృత్తివల్ల వచ్చిన సిలికోసిస్ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం మూడో షెడ్యూల్‌లో ఉండేది, 2025లో దాని స్థానంలో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఏ ఏళ్లలో ఏ పని చేశాడో చూపగలిగితే పరిహారం అడగవచ్చు. చీటీ మీదైనా పని రోజులు, మేస్త్రీ పేరు రాసి ఉంచుకోమని ఇద్దరికీ చెప్పండి.

మాస్క్ ఎంత మంచిదైనా గడ్డం ఉంటే దాని అంచు ముఖానికి అతకదు, గాలి పక్క నుంచే వస్తుంది. పెట్టుకున్నాక రెండు అరచేతులతో మూసి గట్టిగా ఊదాలి. ముక్కు పక్కల చల్లగా తగిలితే క్లిప్పు మళ్లీ నొక్కాలి. రెండు పట్టీలూ తలకే పోవాలి, ఒకటి మెడకి వేలాడితే లేనట్టే. మాస్క్ కిందికి లాగి బీడీ, గుట్కా అంటే ఇక అన్ని ఏర్పాట్లూ వృథా. చేతులు, మూతి కడుక్కున్నాకే తిండి. పని బట్టలు ఇంటికి తీసుకెళ్లి దులిపితే ఆ దుమ్ము పిల్లల ఊపిరిలోకి పోతుంది. సాయంత్రం బట్టలు మార్చుకోవడానికి మీ ఇంట్లో ఒక మూల, ఒక కుళాయి చూపించండి.

కళ్లకి మామూలు అద్దాలు పనికిరావు. చుట్టూ మూసి ఉండే గాగుల్స్, గ్రైండర్ పట్టినప్పుడు పైన ఫేస్ షీల్డ్ కూడా. నలుసు పడితే చేతిరుమాలు కొసతో తీయడం మన అలవాటు. ఇసుక ముక్క నల్లగుడ్డును గీరేస్తుంది. ముందు శుభ్రమైన నీళ్లతో కడగాలి. అయినా గుచ్చుతుంటే మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రి ఉంది.

---

పలకల లెక్క:

నిచ్చెన మాట ఎవరూ ఎత్తలేదు. గ్రైండర్‌కి రెండు చేతులూ కావాలి, నిచ్చెనకి ఒకటి కావాలి. మనిషికి మూడు చేతులు లేవు. 20 అడుగుల గోడకి హెచ్ ఫ్రేముల పరంజా అద్దెకి తెప్పించండి. కాళ్ల కింద బేస్ ప్లేట్లు, మట్టి నేలైతే వాటి కింద పలక. సన్నవైపు వెడల్పుకి మూడింతలు దాటిన ఎత్తుకి గోడకి కట్టుబడి ఉండాలి: 1.2 మీటర్ల ఫ్రేమైతే 3.6 మీటర్ల పైన విడిగా నిలబెట్టకూడదు. మీటరు ఎత్తులో కమ్మీ, దాని సగంలో ఇంకోటి, పాదాల దగ్గర ఆరంగుళాల అడ్డపలక. ఈ అడ్డపలక లేకపోతే ఉలి జారి కింద హెల్పర్ నెత్తిన పడుతుంది. పలకలు రెండు కాదు, మధ్య ఖాళీ లేకుండా పరవాలి. పని ఎత్తు ఛాతీ దగ్గర ఉండేలా పలకలు మార్చుకోవాలి. తల పైకెత్తి కోస్తే పొడి అంతా ముఖం మీదే.

బ్లేడు: 100 మి.మీ. బ్లేడు నిమిషానికి 11,000 చుట్లు తిరిగితే అంచు వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. లోతు రావట్లేదని గార్డు ఊడదీసి 5 అంగుళాల బ్లేడు బిగించడం ఊళ్లో మామూలైపోయింది. అది చేసే మనిషిని పనిలో పెట్టుకోకండి. ఇనుము కోసే పల్చటి నల్ల డిస్కు కూడా వద్దు, సందులో కాస్త పక్కకి వంగితే పగిలి ముక్కలు ఎగురుతాయి. డైమండ్ బ్లేడు, దాని మీద రాసిన చుట్లు మెషిన్ చుట్ల కన్నా ఎక్కువ ఉండాలి.

కరెంట్ 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (షాక్ కొడితే వెంటనే కరెంట్ ఆపేసే స్విచ్) నుంచే ఇవ్వండి, 1960ల ఇంటి బోర్డులో అది ఉండకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బయటి ప్లగ్గుకి పెట్టించండి. గోడలో పైపు వైరింగ్ ఎక్కడ పోతుందో సున్నపుముక్కతో గీత గీయించుకున్నాకే బ్లేడు దించాలి. చెవులకి ఇయర్ మఫ్‌లు మర్చిపోవద్దు. గ్రైండర్ మోత 100 డెసిబెల్స్ దగ్గర ఉంటుంది, కర్మాగారాల నియమాల్లో ఆ మోతకి రోజుకి 2 గంటలే.

---

మారేడ్‌పల్లి మేడ:

అందరికీ థాంక్సండి. మేస్త్రీతో కూర్చుని మాట్లాడాను. అడ్డం సందులకి మధ్య గీత ఒక్కటే, ష్రౌడ్‌తో. నిలువు సందులు, రాతి భాగం మొత్తం ఉలితో. పరంజా అద్దె, వాక్యూమ్ నా ఖర్చు. రోజులు వారం నుంచి రెండు వారాలకి పెరిగాయి, దానికి కూలీ ఒప్పుకున్నాను. పక్కింటి సంపు, చివర్లో ఊడ్చే పని, ఈ రెండూ మిగిలాయి.

---

తాపీ సంచి:

సంపు మూత మీద పాలిథీన్ షీట్ పరిచి అంచులకి తడి ఇసుక పొయ్యి. మూత చుట్టూ పగులుంటే దాంట్లకెల్లి పొడి పోతది, షీట్ ఒక్కటి చాలదు. పరంజాకి బయటివైపు ఆకుపచ్చ నెట్ కట్టించు, పెంకులు అవతల పడవు. కిటికీలు, కూలర్ బంద్ చెయ్యాలె, కూలర్ అయితే దుమ్ము మొత్తం ఇంట్లకే గుంజుతది.

చీపురు పట్టనియ్యొద్దు. ముందు తడి చేసి పారతోని ఎత్తాలె, సంచుల్ల నింపి మూతి కట్టాలె. సందులు శుభ్రం చెయ్యనీకి బ్లోయర్ తెస్తరు, అది కూడా వద్దు. పొద్దుందాక పట్టిన దుమ్ము మొత్తం ఐదు నిమిషాలల్ల వీధిలకి వదిలినట్టే. అదే వాక్యూమ్ గొట్టానికి సన్న మూతి పెట్టి సందుల్ల గుంజు, తర్వాత బ్రష్‌తోని తడుపు. తడి ఆరి, సందు లోపల నీళ్లు నిలవకుండ చెమ్మ మాత్రమే ఉన్నప్పుడు కొత్త మాలు కూరాలె.

ఆ కొత్త మాలు సిమెంట్‌ది పెట్టకు. లోపల సున్నం ఉంది గదా, సున్నం మాలే పెట్టు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులకి కూడా సిమెంట్ పూత తీసేసి సున్నమే పెట్టిన్రు. సున్నం అయినా సిమెంట్ అయినా తడి మాలు చర్మాన్ని కాలుస్తది, రబ్బరు గ్లౌజులు ఉండాలె. కంట్ల పడితే ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలె, ఆ తర్వాతనే దవాఖాన. పరంజా కాడ ఒక బకెట్ మంచినీళ్లు ఎప్పుడూ నింపి పెట్టు, మాలు కలిపే బకెట్ కాదు.